పని ఒకచోట.. జీతం ఇంకోచోటి నుంచి! ఏజెన్సీ ఉద్యోగులూ, మీ పే స్లిప్‌లో ఇవి చూసుకున్నారా?

తిరుపతిలో ఆసుపత్రికి వెళ్లండి, సబ్‌స్టేషన్‌కు వెళ్లండి, యూనివర్సిటీకి వెళ్లండి. సెక్యూరిటీ గార్డు నుంచి కంప్యూటర్ ఆపరేటర్ దాకా చాలామంది మెడలో ఒక సంస్థ ఐడీ కార్డు ఉంటుంది. బ్యాంకు మెసేజ్‌లో మాత్రం ఇంకో పేరు కనిపిస్తుంది. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ యూనిట్లలో, చిత్తూరు మామిడి గుజ్జు పరిశ్రమల్లోనూ ఇదే కథ. పని చెప్పేది ఒకరు, జీతం వేసేది ఇంకొకరు. నడుమ ఉన్నదే ఏజెన్సీ.

మరి మీ పేరు మీద ఆ ఏజెన్సీకి ఎంత వస్తోంది? అందులో మీ చేతికి ఎంత వస్తోంది? మిగతాది ఎక్కడికి పోతోంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన ఉద్యోగులు చాలా తక్కువ. నేరుగా అడిగితే ఉద్యోగం పోతుందేమో అని భయం. కానీ ఎవర్నీ అడక్కుండానే సగం లెక్క మీరే తేల్చుకోవచ్చు. అదెలాగో చూద్దాం.

మీ మీద ఖర్చు రూ.21 వేలు.. చేతికి రూ.13 వేలేనా?

ఒక ఉదాహరణ తీసుకుందాం. బేసిక్, డీఏ కలిపి మీ జీతం రూ.15,000 అనుకోండి. ఇందులోంచి మీ వాటాగా పీఎఫ్ 12 శాతం, అంటే రూ.1,800 కట్ అవుతుంది. ఈఎస్‌ఐ 0.75 శాతం, అంటే రూ.113. మిగిలేది రూ.13,087. ఇది మీ ఖాతాలో పడే మొత్తం. మన రాష్ట్రంలో వృత్తి పన్ను రూ.15 వేలు దాటిన జీతాలకే కాబట్టి ఇక్కడ ఆ కోత ఉండదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. యజమాని కూడా మీ పేరు మీద పీఎఫ్‌కు 12 శాతం కట్టాలి. అది ఇంకో రూ.1,800. ఇన్సూరెన్స్, నిర్వహణ చార్జీల కింద మరో ఒక శాతం, రూ.150. ఈఎస్‌ఐలో యజమాని వాటా 3.25 శాతం, రూ.488. అంటే మీ రూ.15,000 జీతానికి అసలు ఖర్చు రూ.17,438. దీనిపై ఏజెన్సీ తన సర్వీస్ చార్జీ వేసుకుంటుంది. 3 శాతం అనుకుంటే రూ.523. మొత్తం రూ.17,961. మ్యాన్‌పవర్ సరఫరాపై జీఎస్టీ 18 శాతం కలిపితే బిల్లు రూ.21,194 అవుతుంది.

రూ.21,194 ఎక్కడ, రూ.13,087 ఎక్కడ! తేడా రూ.8,107. దీన్ని చూసి 'ఏజెన్సీ ఎనిమిది వేలు తినేస్తోంది' అనుకుంటే పొరపాటే. ఇందులో రూ.3,600 పీఎఫ్, పెన్షన్ రూపంలో మీ పేరు మీదే జమ అవుతుంది. రూ.601 ఈఎస్‌ఐకి, రూ.3,233 పన్నుగా ప్రభుత్వానికి వెళ్తుంది. (ప్రభుత్వ శాఖలు, మున్సిపాలిటీలకు ఇచ్చే కొన్ని సేవలకు ఈ జీఎస్టీ మినహాయింపు ఉంది. కంపెనీలైతే చాలాసార్లు దాన్ని క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటాయి.) నిజాయితీగా నడిచే ఏజెన్సీకి మిగిలేది ఆ సర్వీస్ చార్జీయే.

మరి గోల్‌మాల్ ఎక్కడ జరుగుతుంది? యజమాని కట్టాల్సిన వాటా దగ్గర.

రెండు వాటాలూ మీ జేబులోంచే..

కొన్ని ఏజెన్సీలు రూ.15,000నే 'మొత్తం ప్యాకేజీ' అని చెప్పి, ఉద్యోగి వాటాతో పాటు యజమాని వాటాను కూడా అందులోంచే కోసేస్తాయి. అప్పుడు చేతికి వచ్చేది రూ.10,649 మాత్రమే. నెలకు రూ.2,438 తేడా. ఏడాదికి రూ.29,256. ఒక పిల్లాడి స్కూల్ ఫీజు అంత!

యజమాని కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్‌ఐ వాటాను ఉద్యోగి జీతంలోంచి కోయకూడదని ఆ రెండు చట్టాలూ మొదటి నుంచీ చెబుతున్నాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. చేరేటప్పుడే 'సీటీసీ ఇంత, అందులో యజమాని వాటా కలిసి ఉంది' అని రాసిచ్చి, మీరు సంతకం పెట్టి ఉంటే ఏజెన్సీ ఆ కాగితం చూపిస్తుంది. అయినా సరే, మీ జీతం ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం కన్నా తగ్గడానికి వీల్లేదు. అందుకే ఆఫర్ లెటర్‌లో 'సీటీసీ' అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగండి. 'గ్రాస్ ఎంత, చేతికి ఎంత' అని అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

ఇంకో రకం కోత దీనికన్నా ఘోరం. పే స్లిప్‌లో పీఎఫ్ కట్ చేసినట్టు ఉంటుంది, పీఎఫ్ ఖాతాలో మాత్రం పైసా పడదు. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. ఏ నెల పీఎఫ్ అయినా తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. కాబట్టి 20వ తేదీ తర్వాత ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి చూడండి. లేదా మీ యూఏఎన్‌తో లింక్ అయిన మొబైల్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇవ్వండి. చివరిసారి ఎంత జమ అయిందో మెసేజ్ వస్తుంది. వరుసగా రెండు నెలలు ఖాళీగా ఉంటే మాత్రం ఊరుకోకండి. జీతంలో కోసిన డబ్బు కట్టకపోవడం క్రిమినల్ కేసు దాకా వెళ్లే వ్యవహారం.

ఏజెన్సీ బదులు కార్పొరేషన్ వస్తే?

మధ్యవర్తుల బాధ వదిలించేందుకు రాష్ట్రంలో ఒక పెద్ద ప్రయోగమే జరిగింది. అదే ఆప్కాస్. ఆంధ్రప్రదేశ్ ఔట్‌సోర్స్‌డ్ సర్వీసెస్ కార్పొరేషన్. 2020 జులై 3న అప్పటి ముఖ్యమంత్రి వైఎస్ జగన్ దీన్ని ప్రారంభించారు. ప్రైవేటు ఏజెన్సీలను పక్కనపెట్టి, ప్రభుత్వ శాఖల్లోని ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని ఒకే ప్రభుత్వ సంస్థ గొడుగు కిందకు తెచ్చారు. కమీషన్ ఉండదు, పీఎఫ్, ఈఎస్‌ఐ సరిగ్గా కడతారు, నెల మొదట్లోనే జీతం వేస్తారు అన్నది హామీ.

ఏజెన్సీ చుట్టూ తిరిగే పని తప్పడం చాలామందికి పెద్ద ఊరట. అందులో సందేహం లేదు. కానీ ఊహించని చిక్కు ఒకటి వచ్చింది. జీతం ప్రభుత్వ వ్యవస్థ ద్వారా పడటంతో, కంప్యూటర్ రికార్డుల్లో వీళ్లు ప్రభుత్వ ఉద్యోగుల్లా కనిపించారు. దాంతో సంక్షేమ పథకాలు ఆగిపోయాయని ఎన్నో కుటుంబాలు గగ్గోలు పెట్టాయి. ఉద్యోగి హోదా రాలేదు, పథకం మాత్రం పోయింది! పర్మినెంట్ చేయాలన్న డిమాండ్ కూడా అలాగే మిగిలింది. 2023 డిసెంబర్ 26 నుంచి మున్సిపల్ కార్మికులు రాష్ట్రమంతా సమ్మెకు దిగడానికి ఇదీ ఒక కారణం. కూటమి ప్రభుత్వం వచ్చాక 2025లో అసలు ఆప్కాస్‌ను కొనసాగించాలా, వద్దా అన్న చర్చ మొదలైంది. మళ్లీ ఏజెన్సీల చేతికి పోతామేమో అన్న ఆందోళన అప్పుడు కార్మిక సంఘాల్లో కనిపించింది.

తిరుపతిలో ఇంకో ప్రయోగం ఉంది. టీటీడీ సొంతంగా శ్రీలక్ష్మీ శ్రీనివాస మ్యాన్‌పవర్ కార్పొరేషన్ పెట్టింది. ఉద్దేశం అదే. బయటి కాంట్రాక్టర్ కాకుండా సొంత సంస్థే జీతాలు ఇవ్వాలని. ఇది ఎంత పెద్ద విషయమో 2021 చివర్లో ఊరు ఊరంతా చూసింది. తిరుమలలో భక్తుల గదులు శుభ్రం చేసే ఎఫ్‌ఎంఎస్ కార్మికులు టీటీడీ పరిపాలనా భవనం ముందు రోజుల తరబడి బైఠాయించారు. ఏజెన్సీల కింద నుంచి తీసి తమనూ కార్పొరేషన్‌లో కలపాలన్నది వాళ్ల ప్రధాన డిమాండ్లలో ఒకటి. గమనించారా, అది పర్మినెంట్ ఉద్యోగం కోసం చేసిన ఆందోళన కూడా కాదు. జీతం ఇచ్చే చెయ్యి మారితే చాలు అన్నారు. ఏజెన్సీ కింద పనిచేయడం ఎలా ఉంటుందో అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు.

లండన్‌లో ఉన్న మనోళ్లదీ ఇదే గోల

ఇది మన ఊరి సమస్యే అనుకోకండి. బ్రిటన్‌లో ఏజెన్సీ ద్వారా కాంట్రాక్ట్ పని చేసే ఐటీ ఉద్యోగులు, నర్సులు, టీచర్లలో చాలామందికి జీతం 'అంబ్రెల్లా కంపెనీ' నుంచి వస్తుంది. మన తెలుగువాళ్లూ అందులో ఉన్నారు. ఏజెన్సీ రోజుకు ఇంత అని రేటు చెబుతుంది. ఆ డబ్బు అంబ్రెల్లా కంపెనీకి వెళ్తుంది. అక్కడ ముందు యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ తీసేస్తారు. 2025 ఏప్రిల్ నుంచి అది 15 శాతం. తర్వాత కంపెనీ మార్జిన్. ఆ మిగిలినదాన్నే జీతంగా చూపించి, అందులోంచి మళ్లీ ఉద్యోగి పన్ను, ఉద్యోగి ఇన్సూరెన్స్ కోస్తారు. అందుకే మొదటి పే స్లిప్ చూసి 'ఇదేంది, చెప్పింది ఒకటి ఇచ్చింది ఒకటి' అని తలపట్టుకుంటారు.

అక్కడ 2020 ఏప్రిల్ నుంచి ఒక మంచి నిబంధన ఉంది. ఉద్యోగి ఒప్పుకోకముందే ఏజెన్సీ ఒక కాగితం ఇవ్వాలి. జీతం ఎవరిస్తారు, ఏయే కోతలు ఉంటాయి, ఉదాహరణకు చేతికి ఎంత వస్తుంది అన్నది అందులో ఉండాలి. ఇక కొన్ని అంబ్రెల్లా కంపెనీలు పన్ను కట్టకుండా మాయమైపోతుండటంతో, 2026 ఏప్రిల్ 6 నుంచి ఆ బకాయికి ఏజెన్సీని కూడా బాధ్యురాలిని చేశారు. అలాంటి కాగితం మన దగ్గర కూడా తప్పనిసరి చేస్తే సగం గొడవలు చేరేరోజే తేలిపోతాయి.

'బిల్లు పడలేదప్పా' అంటే ఏం చేయాలి?

జీతం లేటైతే ఏజెన్సీ సూపర్‌వైజర్ చెప్పే మాట ఎప్పుడూ ఒకటే. 'పైనుంచి బిల్లు పడలేదప్పా, పడితే వేస్తాం.' రెండు నెలలు, మూడు నెలలు ఇదే పాట. నిజంగానే ప్రభుత్వ శాఖల బిల్లులు లేటవుతాయి. కానీ దానికీ మీ జీతానికీ చట్టం ముడిపెట్టలేదు. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాల్సిందే. బిల్లు వచ్చినా, రాకున్నా.

ఏజెన్సీ ఇవ్వకపోతే? ఇక్కడే అసలు పాయింట్. మీరు ఎక్కడ పని చేస్తున్నారో ఆ సంస్థను చట్టం 'ప్రిన్సిపల్ ఎంప్లాయర్' అంటుంది. అంటే ప్రధాన యజమాని. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమానే చెల్లించి, ఆ డబ్బును కాంట్రాక్టర్ నుంచి వసూలు చేసుకోవాలి. 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఈ మాట ఉంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉంది. పీఎఫ్, ఈఎస్‌ఐలకూ ఇదే సూత్రం. కొత్త కోడ్‌లో కాంట్రాక్ట్ కార్మికుల అధ్యాయం 50 మంది, అంతకు మించి ఉన్న చోట్లకే వర్తిస్తుంది. జీతాల కోడ్‌కు మాత్రం అలాంటి పరిమితి లేదు.

'మీరు మా ఉద్యోగి కాదు, ఏజెన్సీని అడుక్కోండి' అని ఆఫీసు వాళ్లు అంటే సగమే నిజం. మీరు వాళ్ల ఉద్యోగి కాకపోవచ్చు. మీ జీతం బకాయి మాత్రం వాళ్ల నెత్తిన కూడా ఉంది.

అలాగని అక్కడ ఏళ్ల తరబడి చేశాం కాబట్టి పర్మినెంట్ చేసేస్తారు అనుకోవడానికి లేదు. 2001 ఆగస్టు 30న స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. కాంట్రాక్ట్ విధానాన్ని నిషేధించినంత మాత్రాన కార్మికులు ఆటోమేటిక్‌గా ప్రధాన యజమాని ఉద్యోగులు కారని చెప్పింది. అయితే కాంట్రాక్ట్ అనేది కాగితం మీద ముసుగు మాత్రమే అని రుజువైతే కథ వేరు. అప్పుడు కార్మికుడు అసలు యజమాని మనిషే.

కుర్చీ అదే, చీపురు అదే.. ఏజెన్సీ మారింది

నెలవారీ కోతల కన్నా పెద్ద నష్టం ఒకటుంది. అది పే స్లిప్‌లో కనిపించదు. టెండర్ అయిపోగానే ఏజెన్సీ మారుతుంది. మీరు మాత్రం అదే గేటు దగ్గర, అదే డ్యూటీలో ఉంటారు. కాగితాల మీద మీ సర్వీసు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది.

గ్రాట్యుటీనే తీసుకోండి. సాధారణంగా ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు పూర్తయితేనే వస్తుంది. రెండేళ్లకోసారి ఏజెన్సీ మారే చోట ఐదేళ్లు ఎప్పటికి నిండాలి? ఎనిమిదేళ్లు ఒకేచోట, ఒకే యజమాని కింద చేసిన వ్యక్తికి చివరి జీతం రూ.15,000 అయితే దాదాపు రూ.69 వేలు గ్రాట్యుటీ వస్తుంది. అవే ఎనిమిదేళ్లు నలుగురు కాంట్రాక్టర్ల కింద చేస్తే, ఎవరికి వారు 'మా దగ్గర రెండేళ్లే కదా' అంటారు. పని ఆగకుండా సాగిందని చూపించగలిగితే పోరాడొచ్చు. దానికి ఆధారాలు కావాలి. పాత అపాయింట్‌మెంట్ లెటర్లు, ఐడీ కార్డులు, హాజరు పట్టీ ఫోటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పారేయకండి. పాత ఫోన్ పోతే అవీ పోతాయి కాబట్టి మెయిల్‌కు పంపి పెట్టుకోండి.

పెన్షన్‌దీ ఇదే తంతు. పీఎఫ్ పెన్షన్ రావాలంటే మొత్తం పదేళ్ల సర్వీసు కావాలి. ఇక్కడ ఏజెన్సీలు మారినా ఫర్వాలేదు, సర్వీసు కలుస్తుంది. ఒక్క షరతు, యూఏఎన్ ఒకటే ఉండాలి. కొత్త ఏజెన్సీ వాడు తొందరలో కొత్త యూఏఎన్ తీస్తానంటే ఒప్పుకోవద్దు, పాతదే ఇవ్వండి. ఇక ఏజెన్సీ మారినప్పుడల్లా 'ఉన్నది తీసేసుకుందాం' అని పీఎఫ్‌తో పాటు పెన్షన్ డబ్బు కూడా విత్‌డ్రా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు తుడిచిపెట్టుకుపోతుంది. పెళ్లికో, ఆసుపత్రికో అవసరం రావచ్చు, కాదనలేం. అలాంటప్పుడు పీఎఫ్ నుంచి అడ్వాన్స్ తీసుకుని పెన్షన్ సర్వీసు జోలికి పోకపోతే మేలు.

పీఎఫ్ ఖాతాకు ముడిపడి ఒక ఇన్సూరెన్స్ కూడా ఉంది. ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి గరిష్ఠంగా రూ.7 లక్షలు వస్తుంది. దీనికి ఉద్యోగి విడిగా ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. చాలా కుటుంబాలకు ఈ సంగతే తెలియదు. నామినీ పేరు ఆన్‌లైన్‌లో నమోదు చేశారా లేదా ఇవాళే చూసుకోండి. పెళ్లికి ముందు అమ్మ పేరో నాన్న పేరో ఇచ్చి మరిచిపోయినవాళ్లు పెళ్లి తర్వాత కొత్తగా నామినేషన్ ఇవ్వాలి.

ఈఎస్‌ఐ అయితే నెల జీతం రూ.21,000 వరకు ఉన్నవాళ్లకు వర్తిస్తుంది. తిరుపతిలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. మీకే కాదు, భార్యాపిల్లలకూ వైద్యం అందుతుంది. జబ్బు చేసి సెలవు పెడితే ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. ఏజెన్సీ కార్డు ఇవ్వకపోయినా మీ ఈఎస్‌ఐ నంబర్ పే స్లిప్‌లో ఉండాలి. లేదంటే కట్టడం లేదని అనుమానించాల్సిందే.

ఐటీ పిల్లలూ, మీక్కూడా..

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో ఇంజినీరింగ్ చదివి బెంగళూరు, చెన్నై వెళ్తున్న పిల్లల్లో కొందరిని కంపెనీలు 'థర్డ్ పార్టీ పేరోల్' మీద తీసుకుంటున్నాయి. ఇది పేరు మారిన ఏజెన్సీయే. ఇక్కడ ఒక తేడా గమనించండి. కొన్నిచోట్ల జీతం అనకుండా 'ప్రొఫెషనల్ ఫీజు' అని ఇచ్చి 10 శాతం టీడీఎస్ కోస్తారు. అంటే కాగితాల ప్రకారం మీరు ఉద్యోగే కాదు. పీఎఫ్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు, సెలవు జీతం ఉండదు. టీడీఎస్ డబ్బును ఐటీ రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. మిగతావి మాత్రం తిరిగి రావు. నెలకు రెండు వేలు ఎక్కువ వస్తోందని ఒప్పుకునే ముందు ఈ లెక్క వేసుకోండి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ముందు ఏజెన్సీకి, దాని కాపీ మీరు పనిచేసే ఆఫీసుకు రాతపూర్వకంగా ఇవ్వండి. రసీదు తీసుకోండి. నోటి మాటగా వంద సార్లు అడిగినా లేబర్ ఆఫీసులో దానికి విలువ ఉండదు. జీతం బకాయిలు, కనీస వేతనం విషయమైతే జిల్లా లేబర్ ఆఫీసుకు వెళ్లాలి. పీఎఫ్ అయితే ఈపీఎఫ్‌వో ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టొచ్చు. మీరు ప్రభుత్వ శాఖలో పనిచేస్తుంటే ఇంకో దారి ఉంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో, ఏజెన్సీతో చేసుకున్న అగ్రిమెంట్ కాపీ, మీ పోస్టుకు నెలకు ఎంత చెల్లిస్తున్నారన్న వివరం అడగొచ్చు. మీ పేరు బయటపడుతుందని భయముంటే ఇంట్లోవాళ్లెవరైనా, కార్మిక సంఘం నాయకుడైనా తన పేరుతో ఆ దరఖాస్తు పెట్టొచ్చు. అడిగే హక్కు దేశంలో ఏ పౌరుడికైనా ఉంది.

ఒంటరిగా వెళ్లడం కన్నా పదిమంది కలిసి సంతకాలు పెట్టి వెళ్తే మంచిది. ఒక్కరైతే 'రేపటి నుంచి రావద్దు' అనడం ఏజెన్సీకి చాలా సులువు.

ఇక ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్ల సంగతి. టీటీడీలో ఔట్‌సోర్సింగ్ పోస్టు, ఆసుపత్రిలో పోస్టు అంటూ తిరుపతిలో దళారులు లక్షలు వసూలు చేసిన కేసులు కొత్త కాదు. ఇలాంటివాళ్లను నమ్మొద్దని టీటీడీ పలుమార్లు ప్రకటనలు ఇచ్చింది. నెలకు రూ.13 వేలు చేతికొచ్చే ఉద్యోగానికి లక్ష రూపాయలు ఇస్తే, అది తిరిగి రావడానికే దాదాపు ఎనిమిది నెలలు పడుతుంది. ఈలోగా టెండర్ మారితే ఆ ఉద్యోగం ఉంటుందన్న గ్యారంటీ ఆ దళారి కూడా ఇవ్వలేడు.

పాత బకాయి ఉండి 'ఇప్పుడు అడిగితే ఏం లాభం' అని వదిలేసినవాళ్లకు ఒక మాట. కొత్త జీతాల కోడ్ ప్రకారం క్లెయిమ్ వేయడానికి మూడేళ్ల గడువు ఉంది. మీ పాత పే స్లిప్పులు బయటకు తీసి తేదీలు చూసుకోండి.